బస్సు పోయేదాకా

ఎన్‌లార్జర్ కడ్డీ జుమ్మేరాత్ బజార్ల దొరికింది.
నూటెనభై అన్నడు, లేచి నడుస్తుంటే తొంభైకిచ్చిండు.
ఏదో మూతబడ్డ ఫొటో స్టూడియోది,
ఎంత తుడిచినా హైపో వాసన.

దానికి తలకిందులుగ ఒక పాత లెన్సు,
నడుమ ప్లంబర్ యాదగిరి కోసిచ్చిన పైపు ముక్క,
లోపల మెరుపు కొట్టకుండ
చినిగిన గొడుగు గుడ్డ అంటిచ్చిన.
వడ్రంగి శికంజా స్క్రూ ఒకటి,
పావు చుట్టు తిప్పితే
నువ్వుగింజంత జరుగుతది లోకం.
దీపానికి అడుగు కోసిన పెరుగు డబ్బా.
గడియారం కూసోను పిల్లల రంగుమట్టి.
అంత కలిపి ఆరువందల నలభై.
అనసూయ లెక్కల టేబుల్ లైటు కూడ ఉంది,
నా లెక్కల లేదు.

ఇగ చూడు,
స్క్రూ తలకాయ మీది గాడి నాలా అంత,
దుమ్ము రవ్వ పిడకంత!

కానీ మా గది పుత్లీబౌలి రోడ్డు మీద.
బస్సు పోతే బొమ్మంత అలుక్కపోతది.
మ్యాన్‌హోల్ మూత మీద ఆటో ఎక్కినా అంతే.
అందుకే రాత్రి రెండింటికి
ఫ్యాన్ బందు చేసి
కీ బయటికి గుంజి ముల్లును నిలబెడ్త.
కొన్ని ఆగుతయి.
ఆగని వాటికి ఒక దండం.
ఊపిరి బిగబట్టి, ఒకటి, రెండు, క్లిక్.

జహీరుద్దీన్ సాబ్ ఒకనాడు మెట్లెక్కి వచ్చిండు,
నలభై ఆరేండ్లు కంటికి భూతద్దం పెట్టినోడు,
ఇప్పుడా కంట్ల పొర.
జేబులకెల్లి ఒక హెచ్చెంటీ తీసి
"దీని కడుపుల ఏముందో చూపియ్యి" అన్నడు.

వెనక మూత లోపలిదిక్కు
సూదితోని గీకిన గీతలు తెర నిండ పరుసుకున్నయి.
ఉర్దూల జే, దాని పక్కన 79.
మళ్ల జే, 88.
మళ్ల జే, 2004.

తెరకు ముక్కు ఆనిచ్చి సూసిండు.
"ఈ ఏడు వంకర.
పనికి కొత్త అప్పుడు,
ఉస్తాద్ వేళ్ల మీద స్కేలుతో కొట్టిండు."
చాయ్ సల్లారింది.
చివరి నాలుగు కూడ వంకరనే.
దాని సంగతి ఆయన చెప్పలే,
నేను అడగలే.

అంగీ జేబుకు గుచ్చుకున్న సూది తీసి
నా చేతుల పెట్టిండు.
"ఇయ్యాల్టిది నువ్వు గియ్యి."

గడియారాన్ని రంగుమట్టిల నొక్కి కూసోబెట్టిన.
లెన్సు కింద సూది మొన గునపమంత కనబడ్డది.
కింద రోడ్డు మీద
దిల్‌సుఖ్‌నగర్ బస్సు మలుపు తిరుగుతున్నది.
బస్సు పోయేదాకా
ఇద్దరం ఊపిరి బిగబట్టినం.