చలి వదలాలి

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాని బల్ల మీద పెట్టి
గడియారం వంక చూస్తా కూర్చుంది జ్ఞానసుందరి సిస్టరు.
ఇంకా పొడవ్వేందమ్మా అంటే
"చలి వదలాలి" అంది.

నాకు నవ్వొచ్చింది.
చలి సంగతి నాకు చెప్పుద్దా!
పదకొండేళ్ళ బట్టీ నల్లపాడు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
మిరక్కాయ తొడాలు తీసేదాన్ని.
మా దగ్గరా అంతే.
లోపల్నించి తెచ్చిన టిక్కీని వెంటనే విప్పరు,
విప్పితే కాయకి చెమట పట్టుద్ది.

తొమ్మిదేళ్ళు మాత్రలు మింగాను.
డబ్బా గలగలమంటే ఎవరన్నా వింటారని
లోపల దూది కుక్కేదాన్ని.
పైనున్న పేరు గోటితో గీకేదాన్ని.
రాత్రి తొమ్మిదికి నా ఫోన్లో కోడి కూసేది,
"మీ కోడికి అప్పుడే తెల్లారిందా?" అని
గోడవతల బాజీబీ.

ఇప్పుడు డబ్బా లేదు, కోడి లేదు.
రెండు నెలలకోసారి ఈ పచ్చ కర్టెను,
ఈ పిర్రకొకటి, ఆ పిర్రకొకటి.

ప్రతిసారీ అవే అడుగుద్ది.
కామెర్లొచ్చినయ్యా,
టీబీకి మాత్రలేమన్నా మొదలుపెట్టారా,
మూర్ఛ మందులా, నెల తప్పావా.
నలభై ఆరేళ్ళదాన్ని, పడీ పడీ నవ్వాను.
ఆమె నవ్వలా. రాసుకుంది.
సూది కవరు నా కళ్ళ ముందే చించింది.
అయ్యాక రుద్దొద్దంది,
పది నిమిషాలు బల్ల మీదే ఉండమంది.
వాడిన సూది తెల్ల డబ్బాలో పడి టక్కుమంది.

ఒకసారి నేనే అన్నా,
ఒక రోజు కూలీ పోతంది సిస్టరూ,
సీసాలిటియ్యి, మా పేట కోటిలింగం డాక్టరు పొడుస్తాడు.
జొరానికీ బలానికీ ఆయనదొకటే సూది.
సిస్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.
"ఇది చిక్కటి మందు, కండలోకి దిగాలి.
పైపైన కొవ్వులో ఆగినా దండగే,
పక్కన నరానికి తగిలిందా, కుంటుకుంటా వస్తావు."

మార్చిలో యార్డు నిండా కాయ.
రోడ్ల మీద కూడా ఎరుపే, ఊరంతా తుమ్ములే.
తారీకు దాటింది.
వారం ముందైనా వారం వెనకైనా పర్లేదంది గదా అని
వారమూ దాటింది.
నొప్పా? లేదు. జొరమా? లేదు.
అసలు జబ్బే లేనట్టుంది ఒళ్ళు.
పదో రోజు ఫోను:
"నీ చీరకి ఫాల్ కుట్టడం అయిపోయింది, వచ్చి తీసుకుపో."
అది మా ఇద్దరి మాట.

వెళ్తే తిట్టలా.
"మీ నాన్న మిరప వేసేవాడు గదా," అంది,
"నీళ్ళెక్కువ కలిపి మందు కొడితే
తామర పురుగు ఏం చేసిద్ది?"
చావదు, అన్నా. మందుకి అలవాటు పడుద్ది.
ఆ పైన డబ్బాలు డబ్బాలు పోసినా చావదు.
"ఇదీ అంతే. సూది మానేసినా మందు ఒకేసారి పోదు,
నెలల తరబడి పల్చబడతా ఉంటది లోపల.
ఆ పల్చటి దాంట్లో నీ పురుగు బడికెళ్ళుద్ది."

బడికెళ్ళుద్ది.
ఆ మాట బస్సులో నాతోపాటే కూర్చుంది.

ఆ రోజు నెత్తురు తీసింది. మాత్రలిచ్చింది,
రోజూ అన్నం తిని మింగు, సూది మళ్ళీ నేను చెప్పినప్పుడు.
మళ్ళీ దూది, మళ్ళీ కోడి.
ఈసారి ఆ కోడి మీద కోపం రాలా.

నిన్న మళ్ళీ సూదులు పడ్డయ్.
కుడివైపు గోలీకాయంత గడ్డ.
నాలుగు రోజుల్లో కరిగిద్దంట,
ఎర్రగా ఉబ్బినా, జొరమొచ్చినా ఆగకుండా ఫోన్ చెయ్యమంది.
పొద్దున షెడ్డులో మిరప కుప్ప ముందు
ఎటు కూర్చున్నా సలుపే.
ఎడమకి వాలి తీస్తన్నా తొడాలు.

బాజీబీ చూసింది.
ముక్కుకి కట్టిన గుడ్డ కిందికి లాగింది.
"రెండు నెలలకోసారి ఫాల్ కుట్టిస్తావు,
కట్టేది మాత్రం ఈ చీరేనే!"

చేతిలో కాయ చేతిలోనే ఉంది.

ఇంకేం అడగలేదు.
ఖాళీ గోతాం ఒకటి దులిపి, నాలుగు మడతలేసి
నా కిందకి తోసింది.
"నేల చలిగా ఉంది," అంది, "కూర్చో."