ఐదో నట్టు

చక్రానికి ఐదు నట్లు.
నాలుగు ఎవరి పానాకైనా లొంగుతాయి.
ఐదోది మొండిది.
దాని తాళం దానికి తెచ్చి పెడితేనే
తల తిప్పుతుంది.

బెథెస్డా ఊళ్లో, పలకరాయి గనుల కింద
నా టైర్ల షెడ్డు.
మార్చి నెల. వాన నిలువుగా కాదు,
అడ్డంగా కొడుతోంది.
కేన్వెన్ పారీ గారి నీలం కారు
ముందు చక్రం ఈడ్చుకుంటూ వచ్చి
గుమ్మంలో కూలబడింది.

"తొందరగా మార్చు ఇద్వల్,
రెండున్నరకి బాంగోర్‌లో కంటి డాక్టరు."
"తాళం ఇవ్వండి."
కారు తాళాలు చేతిలో పెట్టింది.
"ఇది కాదండీ, నట్టు తాళం.
బొటనవేలంత ఇనుప టోపీ,
లోపల పువ్వు రేకుల్లా గాట్లుంటాయి."
ఆమె నన్ను చూసిన చూపు
ఇరవై ఆరేళ్లుగా నాకు తెలిసిందే.
కారు కొన్నరోజు ఎవరో చూపిస్తారు,
అందరూ తలూపుతారు.

వెతికాం.
డాష్‌బోర్డు అరలో పిప్పరమెంట్లు,
వెలగని టార్చి,
ఒంటి చేతి ఉన్ని గ్లౌజు.
సీట్ల కింద ఏడు పెన్నీలు.
డిక్కీలో తివాచీ ఎత్తి, స్టెప్నీ ఎత్తి,
దాని కింద తడి తుడిచి మరీ చూశాను.
(స్టెప్నీ మన లనేల్లీలోనే పుట్టిందని
మా తాత గొప్పగా చెప్పేవాడు.
ఈ తాళం ఎక్కడ పుట్టిందో,
ఎక్కడ చచ్చిందో.)

"గ్విలిమ్‌ని అడగాలి" అంది,
అని, ఊరుకుంది.
గ్విలిమ్ పోయి అప్పటికి నాలుగు నెలలు.
తోటలో తోపుడుబండికి గొలుసు కట్టి,
చెత్తడబ్బాకి కూడా తాళం వేసిన మనిషి.
"ఈ చక్రాలెవడికి కావాలయ్యా అని
నవ్వేదాన్ని" అంది, తడి గ్లౌజు పిండుతూ.

నా దగ్గర మారు తాళాల పెట్టె ఉంది, ఇరవై రెండు.
ఒక్కొక్కటీ పెళ్లిచూపులకి వచ్చినట్టు వచ్చి
కాఫీ తాగి వెళ్లిపోయింది.

కంపెనీకి రాస్తే కొత్తది పంపుతారు,
అంకె ఉన్న కార్డు ఉంటే.
కార్డు కూడా గ్విలిమ్ దాచాడు.

ఇక మిగిలింది సుత్తి.
కొంచెం ఇరుకు సాకెట్టు తీసుకుని
నట్టు నెత్తిన దిగ్గొట్టి తిప్పాలి.
దొంగ చేసే పనే,
నేను పగలు చేస్తాను, బిల్లు వేస్తాను.
మొదటి దెబ్బకి ఆమె
బానెట్ మీద చెయ్యి వేసింది,
సూది వేసేటప్పుడు పిల్లాణ్ణి పట్టుకున్నట్టు.
తీయలేదు, నాలుగు చక్రాలూ అయ్యేదాకా.
చివరిది అరిగిపోయి, జారి,
డ్రిల్లుతో గాని రాలేదు.
రెండూ పదికి మామూలు నట్లు బిగించి పంపించాను.
ఇప్పుడు ఆ కారు ఎవరి మాటైనా వింటుంది.

జూన్‌లో మళ్లీ వచ్చింది. ఎండ.
కళ్లద్దాలు కొత్తవి.
పాటల బృందానికి గ్విలిమ్ కోటు తిరిగిచ్చేద్దామని
లోపలి జేబు తడిమిందట.
జేబురుమాలు, ముడి, ముడిలో ఇది.
ప్రాక్టీసు రాత్రుళ్లు చాపెల్ వెనక చీకట్లో
కారు ఆపేవాడు కదా.
గుండె మీద ఇంత ఇనుము పెట్టుకుని
కింది స్వరం ఎలా పాడాడో.

"దీంతో ఇంకేమైనా తెరుచుకుంటుందా?"
"లేదండీ. ప్రపంచంలో నాలుగే ఉండేవి,
నాలుగూ నేనే పగలగొట్టాను."

కాసేపు నిలబడింది.
నేను పాత ఇనుము డబ్బా బోర్లించాను.
మూడు నెలల నట్లు, తుప్పు, సీసం ముక్కలు.
దొరికింది ఒకటి: ఒళ్లంతా గాయాలు,
ముఖం మీద పువ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆమే పెట్టింది తాళాన్ని దాని మీద.
కూర్చుంది.
వదులు లేదు, బిగువు లేదు.
అటొకసారి, ఇటొకసారి తిప్పింది,
గాల్లో, ఏ చక్రమూ లేకుండా.

"ఎంతివ్వాలి?"
"తుక్కుకి డబ్బులేంటండీ."
రెంటినీ రుమాల్లో కట్టి సంచిలో వేసుకుంది.
కారెక్కి, అద్దం దించి,
"వెనక టైర్లలో గాలి చూడు ఇద్వల్,
ఎడమది కాస్త తగ్గినట్టుంది" అంది.

నిజమే. రెండు పాయింట్లు తగ్గింది.