ఇరవై మూడు అడుగులు

మలికిపురం దాటి సముద్రం వైపు వెళ్తే
మెరక చేసిన రెండున్నర సెంట్లు మావి.
ఇల్లింకా సున్నపు గీతల మీదే ఉంది.
గోడకంటే ముందు నీళ్లుండాలి కదండీ, అంటూ
సైకిలు క్యారేజీకి గొట్టాలు కట్టుకుని
పొద్దున్నే దిగాడు నేలపూడి ఏసుపాదం.

నాలుగు వెదుళ్లు, ఒక గొలుసు,
గోడలు కూలకుండా గుంటలో పేడనీళ్లు.
రిగ్గు లారీ ఎందుకు, రాయన్నదే లేని చోట?
కింద కుర్రాడు గొట్టం ఎత్తి దించుతుంటే
పైన కూర్చుని ఇతను అరచేత్తో
గొట్టం మూతి మూస్తాడు, తెరుస్తాడు,
మూస్తాడు, తెరుస్తాడు.
ఎక్కిళ్లు పట్టినట్టు నేల
గుక్కెడు గుక్కెడుగా బయటికొస్తుంది.

మొదటి నాలుగడుగులూ మా మట్టి కాదు,
ఎవరి రొయ్యల చెరువులోదో ట్రాక్టరులో వచ్చింది.
నాలిక మీద పెట్టుకుని ఉమ్మేశాడు.
"ఇది లెక్కలోకి రాదండి."
తర్వాత నల్లరేగడి,
వడ్డీకిచ్చినవాడిలా గొట్టాన్ని వదల్లేదు.
పదకొండో అడుగున ఒండ్రు.
"ఏదో వరదదండి ఇది.
నాసిక్ నుంచి ఇక్కడి దాకా ఎంతమంది పొలమో."
పదిహేడులో ఇసక, ముందు పిండిలా,
ఆపైన కాకిబంగారం మెరుస్తూ.
అరచేతిలో ఆరబెట్టి ఊదాడు.
ఇరవై రెండులో చిన్న గవ్వ పెంకు.
అక్కణ్ణుంచి మాట్లాడటం మానేశాడు.

ఇరవై మూడు దగ్గర చెయ్యెత్తాడు.
చాలు.

మా బావగారు ఒప్పుకోలేదు.
అనంతపురంలో ఆరేళ్లు ఉద్యోగం చేసినాయన,
అక్కడ ఎనిమిది వందల అడుగులకి కూడా
ఎవరూ చాలనరట.
"డబ్బులిచ్చేది మేం కదా, అరవై దాకా దించు."
ఏసుపాదం తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.
"అక్కడ లోతుకెళ్తే నీళ్లు దొరుకుతాయండి.
ఇక్కడ లోతుకెళ్తే పోతాయండి.
ఉప్పునీళ్ల మీద మంచినీళ్లు
మీగడ కట్టినట్టు నిలబడున్నాయి.
వేలితో తీసుకోవాలండి, గరిట పెట్టకూడదు."

వీధి చివర దంగేటివాళ్లది అరవై అడుగుల బోరు,
రెండు హార్స్ పవర్ మోటారు.
పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు.
ఆవిడ ఆ నీళ్లతో వాకిలి మాత్రం కడుగుతుంది.
ఎండెక్కేసరికి తెల్లటి ముగ్గు
దానంతటదే పడుతుంది.
బావగారు ఆ వాకిలి కేసి చూసి
కళ్లజోడు తుడుచుకున్నారు.

జాలీ చుట్టిన ఫిల్టరు దింపి చేతి పంపు బిగించారు.
మోటారు వద్దన్నాడు.
"గట్టిగా పీలిస్తే కిందది లేచొచ్చేద్దండి."
బురద, బురద,
పాలు కలిపినట్టు కాసేపు,
తర్వాత నీళ్లు.
దోసిలి పడితే ఇనుము వాసన.
ఆ నీళ్లతో కాచిన టీ నల్లబడింది,
అయినా ఎవరూ వంక పెట్టలేదు.

సాయంత్రం కూలి లెక్కపెట్టుకున్నాక
ఖాళీ టిన్ను తెచ్చి పంపు కింద పెట్టాడు.
"మా ఇంటికండి."
పేటలో తనకి తనే వేసుకున్న బోరు, పద్దెనిమిది అడుగులు,
పక్క పొలం చెరువైన మూడో ఏడు ఉప్పైపోయిందట.
ఊరందరి నేలనీ నాలికతో చదివిన మనిషి
ఇరవై రూపాయలిచ్చి టిన్ను కొనుక్కుంటున్నాడు.
అది చెప్పేటప్పుడు మూత సరిగ్గా పడిందో లేదో
అదే చూసుకుంటున్నాడు.

వైశాఖంలో మళ్లీ వచ్చాడు, పిలవకుండానే.
అప్పటికి వశిష్ఠ సన్నబడి
పోటుకి సముద్రం పాయలోకి ఎదురెక్కుతోంది.
మా గోడలు కిటికీల దాకా లేచాయి.
పంపు రెండుసార్లు కొట్టి
నాలిక మీద ఒక్క చుక్క వేసుకుని
కళ్లు మూసుకున్నాడు.
నేనూ ఒక చుక్క వేసుకుని వెతికాను,
నాకేం దొరకలేదు.

సైకిలు మీంచి గొలుసు దించాడు.
"ఒక్క అడుగు పైకి లాగుదామండి."