నాలుగు సున్నాల దారి

గుణుపురం బ్లాకాఫీసు వెనక గదిలో
కాలం తీరిన మందుల అట్టపెట్టెల మధ్య
నా రౌటరు ఉంటుంది.
పద్మపురం, గుడారి, రామనగుడ, పుట్టాసింగి
ఆసుపత్రుల పెట్టెలన్నీ దీనికి ఇరుగుపొరుగు.
పది సెకన్లకోసారి పలకరించుకుంటాయి.
నలభై సెకన్లు పలుకు లేకపోతే
పోయిందనుకుంటాయి. ఏడవవు,
దారులు మళ్ళీ లెక్కేసుకుంటాయి.

చుట్టుపక్కల ఊళ్ళు వాటికి కంఠతా వచ్చు.
రాయగడ అవతలి లోకమే రాదు.
అందుకని ఎండాకాలంలో నేనే రాశాను,
నాలుగు సున్నాలు, ఓ గీటు, మళ్ళీ సున్నా:
ఎవరిదో తెలియని చిరునామా ఏదొచ్చినా
అన్నీ వెతికాక, చిట్టచివర
నాకివ్వండి.

టైపు చేస్తుంటే దాలయ్యగారు గుర్తొచ్చారు.
పొట్నూరు దాలయ్య, ఈ ఊరి పోస్టాఫీసులో సార్టరు.
చిన్నరైలు తెచ్చిన సంచి విప్పి
ఒడియా గుండ్రాలు ఓ గూట్లో, తెలుగు గుండ్రాలు ఓ గూట్లో,
వానకి అలుక్కుపోయినవి, ఊరి పేరు లేనివి,
"మా మేనత్త ఇంటికి" అని మాత్రమే ఉన్నవి
చివరి గూట్లో.
దాని మీద సుద్దతో సున్నా చుట్టి
"తెలవనివన్నీ నా కాడికి అంపీండి" అనేవారు.
సాయంత్రం సైకిలు మీద తిరిగి
ఆ సున్నాని ఖాళీ చేసేవారు.

ఆదేశం చివర ఇంకో మాట చేర్చాను: ఆల్వేస్.
అంటే,
నాకు దారి ఉన్నా లేకపోయినా
ఉందనే చెప్పు.
మంచితనం అనుకున్నాను.

శ్రావణంలో వంశధార పొంగి
కల్వర్టుతో పాటు ఫైబరునీ ఎత్తుకుపోయింది.
నా రౌటరు మాత్రం కులాసాగా
పిలుస్తూనే ఉంది: నాకివ్వండి, నాకివ్వండి.
పుట్టాసింగి కొండ మీది రేడియో స్తంభం నుంచి
పర్లాకిమిడికి ఇంకో దారి ఉంది.
ఒక్కరూ అటు చూడలేదు.
నాది దగ్గర. నాది చవక.

రాత్రి పదిన్నరకి సుసమా రైకా ఫోను,
ఒడియాలో, ఆయాసపడుతూ:
దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి మేడమ్,
రిపోర్టు పంపి గంటన్నరయింది,
రాయగడ డాక్టరు అందలేదంటున్నారు,
పిల్లకి నూట నాలుగు.

అందలేదు. తిరిగీ రాలేదు.
నా దాకా వచ్చి, నా దగ్గరే,
చప్పుడు లేకుండా.

రిటైరైన రోజు దాలయ్యగారి బల్ల కింద
గోనెసంచి దొరికింది.
వరదకి చిన్నరైలు ఆగిపోయిన నెలలో
ఇటు అంపలేక, అటు తిప్పలేక దాచినవి.
అందులో ఒకటి జలుమూరు కామయ్యకి
బడిపంతులు ఉద్యోగం కాగితం.
చేరాల్సిన తేదీ దాటి ఆరేళ్ళు.
కామయ్య అప్పటికి స్టేషను దగ్గర
సైకిళ్ళకి పంక్చర్లు వేస్తున్నాడు.
"నేదు అన్నానికి నోరు రానేదే తల్లీ"
అన్నారాయన, ఎవరితోనో కాదు, నాతోనే.
నాకప్పుడు పదకొండు. ఏం చెప్పాలో తెలియక
చేతిలో జంతిక విరిచి సగం ఇచ్చాను.

టార్చి వెలుగులో ఆ ఒక్క మాటా చెరిపి
ఎంటర్ కొట్టాను.
నా రౌటరు మొట్టమొదటిసారి
నా దగ్గర లేదు అంది.
పలకరింపులు ఆగలేదు. ఎవరూ అలగలేదు.
రెండు క్షణాలు లెక్కేసుకుని
అన్నీ కొండ వైపు తల తిప్పాయి.

చుట్టుదారి, సన్నదారి.
పదకొండూ నలభైకి సుసమా మెసేజి:
చేరింది. ఇంజక్షను పేరు చెప్పారు. పెట్టేశాను.

తరవాత కల్వర్టు కట్టారు, ఫైబరు లాగారు.
దారి ఉన్నన్నాళ్ళు ఉందంటోంది నా పెట్టె.
పోస్టాఫీసు తుక్కు వేలంలో
ఆ గూళ్ళబల్లని నేనే పాడుకున్నాను, నూట నలభైకి.
కనెక్టర్లు, స్క్రూలు, తెగిన కేబుళ్ళు పెట్టుకుంటాను.
సుద్ద ఎప్పుడో చెరిగిపోయిన చివరి గూట్లో
ఇవాళ చూస్తే
బల్లిగుడ్లు రెండు, తెల్లగా.