ఇవాలో 47

అక్క కొడుకు వెయిక్కాకి పదమూడేళ్ళు.
బల్లకు బిగించిన ప్లాస్టిక్ స్టీరింగు వాడి చేతిలో.
మోకాలు పాడై ఈ చలికాలం పనికి పోలేని నేను
పక్క కుర్చీలో, కాఫీతో.
తెర మీద నాలుగో నంబరు రోడ్డు
ఉత్తరానికి పోతోంది.

"చూడు మామా, అచ్చం మన రోడ్డే!"

చూశాను.
ముప్పై ఒక్క ఏళ్ళు ఈ రోడ్డుకి బోర్డులు పాతినవాణ్ణి,
ఊరికే చూస్తానా?

నీలం సరిగ్గానే ఉంది.
ఇవాలో అన్న పేరులో అక్షరాల మధ్య ఎడం కూడా
ఎవరో స్కేలు పెట్టి కొలిచినట్టే ఉంది.
హెచ్చరిక త్రికోణాలకి పసుపు నేల, ఎర్ర అంచు.
పసుపు బదులు తెలుపు వేసి ఉంటే
అక్కడే లేచిపోయేవాణ్ణి.
గొట్టాలు మాత్రం తప్పు.
మంచు తోసే బండి తగిలి మావి
ప్రతి మూడోదీ కాస్త వంగి ఉంటుంది.
ఇక్కడ అన్నీ
బడి మొదటిరోజు పిల్లల్లా నిటారుగా నిలబడ్డాయి.

రాత్రిపూట ఆటలో అక్షరాలు
అర కిలోమీటరు నుంచే చదువుకోవచ్చు.
అసలు బోర్డు అలా కాదు, లైటు తగలగానే
ముందు తెల్లటి చెంపదెబ్బ,
తర్వాతే ఊరి పేరు.

ఇంకా, బోర్డు మొహం మీద మంచు లేదు.
ఉత్తరపు గాలి తడిమంచు అద్దినప్పుడు
నలభై ఏడులో నాలుగు పోయి ఏడే మిగులుతుంది.
ఏడే కదా అని నమ్మి
పెట్రోలు పోయించుకోకుండా సాగిన ఓ జర్మన్ జంటని
నేనే తాడు కట్టి లాక్కొచ్చాను ఒకసారి.
ఆ ఏడు ఈ ఆటలో లేదు.

"ఇవాలో 47" దాటింది.
బిస్కెట్టు కాఫీలో ముంచాను,
అది మెత్తబడి విరిగేలోగా
ఇవాలో వచ్చేసింది.
"దూరం కుదించారు మామా, లేకపోతే ఎవరాడతారు?"
నిజమే. ఎవరాడతారు.
సున్నాకి ముప్పై డిగ్రీల కింద, హీటరు చచ్చిన లారీలో
కాలివేళ్ళని ఒక్కొక్కదాన్నే పిలిచి
పలికిందా లేదా అని వింటూ పోయినవాడికి తెలుసు
నలభై ఏడంటే ఎంతో.

మలుపు తిరిగాక, కుడివైపు, అది వచ్చింది.
పసుపు మీద నల్లటి ఎల్క్, పొడుగు కాళ్ళు.
"ఇది మన దగ్గరా ఉంది కదా?"
"ఉంది. నేనే పాతాను."
"నిజంగా వస్తాయా అవి?"

ఆటలో రావు.
ఎన్నిసార్లు తిరిగినా
అడవి గోడకి అంటించిన పటం.

బోర్డు ముందు పుట్టదురా.
ముందు ఒక అక్టోబరు సాయంత్రం పుడుతుంది.
రాత్రి డ్యూటీకి బయల్దేరిన నర్సు ఐలా,
ఆమె చిన్న కారు,
ఐదొందల కిలోల చీకటి.
పదకొండు రోజులకి ఎవరో కాగితం మీద సంతకం పెట్టారు,
ఆ తర్వాత నేను, నా గుంత తవ్వే మర.
నేల అప్పటికే బిగుసుకుంటోంది,
మోచేతి లోతుకి గంట పట్టింది.
బోర్డు వెనక, ఎవరూ చూడని చోట,
నెలా సంవత్సరం రాయాలని నిబంధన.
రాశాను.
కింద ఒక అక్షరం కూడా రాశాను,
అది నిబంధన కాదు.

ఇదంతా వాడికి చెప్పాలనుకోలేదు.
చెప్పేశాను. కాఫీ చల్లారిపోయింది.

వాడు లారీ పక్కకి ఆపి
కెమెరాని బోర్డు వెనక్కి తిప్పాడు.
బూడిదరంగు. ఖాళీ.
"వెనకవైపు చెయ్యలేదు వీళ్ళు" అన్నాడు,
తప్పు తనదైనట్టు.

మర్నాడు రాత్రి నిద్రపట్టక లేస్తే
వాడి తలుపు కింద నీలి వెలుతురు.
సందులోంచి చూశాను.
అదే మలుపు. ముల్లు ఎనభై నుంచి యాభైకి దిగింది.
వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి.
సరుకు ఆలస్యం, జరిమానా అని
మూలన ఎర్ర అక్షరాలు.
వాడు చెట్ల వైపు చూస్తున్నాడు.
ఏమీ రాలేదు.
మళ్ళీ ఎనభై.

పొద్దున్నే వాణ్ణి తిట్టాలి,
బడి ఉంది కదా.