అడిగింది ఛాతీ వరకే

కాగితంలో రాసింది ఛాతీ స్కాన్ అని.
చెంగల్రాయులు, అరవై ఒకటి,
పెనుమూరు పక్కన బెల్లం కాచే మనిషి.
ముప్పై ఏళ్లు పెనం మీదికి వంగి
పొగనీ తీపినీ ఒకే ముక్కుతో పీల్చినవాడు.

తిరుపతిలో రాత్రి ఎనిమిదిన్నర.
కిటికీ అవతల కొండదారి దీపాలు
మెలికలు తిరిగి పైకి పోతున్నాయి.
నా తెర మీద ఆయన
మెడ నుంచి కిందికి దిగుతున్నాడు
ముక్క ముక్కగా, గోరు మందాన.

కుడి ఊపిరితిత్తిలో గడ్డ
పోయినసారి నిమ్మకాయ,
ఈసారి రేగుగింజ.
మందు పనిచేస్తోంది అని రాశాను.
రోజూ రాసే మాట కాదు,
రెండుసార్లు చదువుకున్నాను.

అక్కడితో ఆపేయొచ్చు.
కానీ ఛాతీ ఎక్కడ అయిపోతుందో
యంత్రానికి పొలిమేర తెలీదు,
కాస్త కడుపునీ కలుపుకొని వస్తుంది.
చివరి నాలుగు ముక్కల్లో
పెద్దపేగు మలుపు.
పల్చగా ఉండాల్సిన గోడ
నానిన గోనెపట్టాలా ఉబ్బి ఉంది.
చుట్టూ కొవ్వు మసకేసింది,
గానుగ షెడ్డులో తెల్లవారుజాములా.

నిద్రపోతున్న కాపలావాళ్లను లేపే మందు అది.
లేచినవాళ్లు దొంగను కొట్టారు,
చేతుల తీట తీరక
ఇంట్లోవాళ్ల మీదా పడ్డారు.
కంచే చేను మేయడం అంటే
ఇన్నాళ్లూ సామెత అనుకున్నాను.

బయట బెంచీ మీద ఇద్దరూ ఉన్నారు.
"కడుపెట్లా ఉంది పెద్దాయనా?"
"బాగుండాది మేడమా. సంగటి తింటా ఉండా."
ఆయమ్మ నేలను చూసింది.
కాసేపటికి, నేలతోనే చెప్తున్నట్టు:
"రాత్రికి తొమ్మిదిసార్లు పోతాడు.
చెంబు చప్పుడు లెక్కపెడతా పండుకుంటా.
చెప్తే మందు నిలిపేస్తారని
ఆయన తలమీద నా చెయ్యి పెట్టించి
ఒట్టేయించుకున్నాడు."

ఆయన ఆమెను చూడలేదు. నన్నే చూశాడు.
"పైన మంచిమాట కనపడింది గదా,
మళ్లా కిందికెందుకు చూస్తివి?"

డాక్టరుకు ఫోన్ కలిపాను.
మోగుతోంది.
మందు ఆపుతారు, స్టెరాయిడ్ ఎక్కిస్తారు.
పేగు చిల్లిపడక ముందే దొరికింది, అది నిజం.
గడ్డ మళ్లీ పెరగదని
నేనెక్కడా రాయలేదు, అదీ నిజమే.

ఒళ్లో పైటకొంగు కింద పట్టుకున్న
చెంబు సంచిని ఆయమ్మ తీసి
బెంచీ మీద, అందరికీ కనపడేట్టు,
మా ముగ్గురి మధ్యా పెట్టింది.