రేపు చూడాలి

పెరంబూరులో పిండిమర మీద గది మాది.
కింద మిరపకాయలు ఆడిస్తే పైన మాకు తుమ్ములు.
కింద మోటారు అందుకుంటే
పైన కరెంటు ఒక్క క్షణం కుంగి
నలభై ఎనిమిది కిలోబైట్ల బుర్ర
ఉన్నదంతా మరిచిపోయేది.

ఆదివారాలు నలుగురం చేరతాం.
రైలుపెట్టెల కార్ఖానాలో రిటైరైన గోవర్ధన్ నాయుడు గారు,
కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడుతో.
ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే మరియ సెల్వి.
ఏమడిగినా నవ్వి ఊరుకునే కాలేజీ కుర్రాడొకడు.
జాకెట్ల మీద అల్లికపని చేసే నేను.
ఈ మిషన్లతో మాలో ఎవరికీ పనిలేదు,
అందుకే తొందరా లేదు.

ఈమధ్య వచ్చినదాన్ని రాయపురంలో
పాత సామాన్ల బండి మీద పట్టుకున్నాం.
కుక్కరు మూతతో కలిపి తూకానికిచ్చాడు.
రబ్బరు మీటలు. గారపట్టిన పంటి రంగు.
మూత విప్పితే లోపలంతా సముద్రమే:
రాగిదారుల మీద పచ్చని ఉప్పు,
పొట్ట ఉబ్బిన కెపాసిటర్లు,
ఒక మూల బల్లిగుడ్డు పెంకు.
నాయుడు గారు ముక్కు దగ్గర పెట్టుకుని
చేపల అంగట్లో చూసినట్టు వాసన చూసి
"బతుకుతుంది" అన్నారు.

వెనిగరు. పళ్ల బ్రష్షు. రెండు వారాలు.
తెగిన దారి మీద వెంట్రుకంత తీగ పరిచి
సీసం ఆరేదాకా ఊపిరి బిగబట్టి
"అతుక్కుంది ఎముక" అంటుంది సెల్వి.

పాత టీవీకి తగిలిస్తే
తెర వెలిగింది గానీ అందులో ఏమీ లేదు.
ఒక చదరం, మినుక్కుమంటూ,
ఊఁ చెప్పు, అన్నట్టు.

దానితోపాటే దొరికిన క్యాసెట్టు
టేప్‌రికార్డర్లో వేస్తే కీచుమంది.
మనకది రొద.
దానికి అర్థమయ్యేది అదొక్కటే.
ఆరోసారికి పట్టుకుంది.
చీటీపాట లెక్క! ఇరవై మంది, నెలకి యాభై,
పాట తగ్గింపు అందరికీ పంచడం.
పైన పేరు: వి. కోదండపాణి, ఓట్టేరి, 1986.
పద్దెనిమిదో నెల దాకా బాగా నడిచి
పంతొమ్మిదిలో తడబడుతుంది.
ఎవరివీ కాని రెండు రూపాయలు
ఎక్కడినుంచో వచ్చి తెర మీద నిలబడతాయి.
340వ వరసలో తనకోసమే రాసుకున్న మాట,
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
రేపు చూడాలి.

ఆ రేపు ఏమైందో తెలీదు.
సెల్వి ఓట్టేరిలో రెండు వీధులు అడిగి వచ్చింది.
కుర్రాడు మొదటిసారి నోరు విప్పాడు:
"పైసలు వదిలేశారక్కా. ప్రతి నెలా."
అంతే. భాగారంలో రాలిపోయిన పైసలు
పద్దెనిమిది నెలలు ఎక్కడో పోగుపడి
రెండు రూపాయలై తిరిగొచ్చాయి.
వాటిని మరుసటి నెలకి మోసుకెళ్లమని చెప్పాం.

నాకు మాత్రం ఆ మాట
ఇంగ్లీషు బట్టల్లో ఉండటం నచ్చలేదు.
గళ్ల కాగితం తీశాను.
అక్షరానికి ఎనిమిది గళ్లు అడ్డం, ఎనిమిది నిలువు.
అడ్డకుట్టు వేసేదానికి ఇదేం కొత్త కాదు అనుకున్నా.
పు ఒక పూటలో దొరికింది.
రే కి తలమీద చోటు చాలక ఏత్వం కుదించాను.
డా ఒళ్లు విరుచుకుని పక్కింట్లో కాలు పెట్టింది.
చూ దగ్గర మూడు రాత్రులు,
ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క ఎటు జరిపినా
చ బ అయిపోతోంది.
లి గుడి ఇప్పటికీ కాస్త వంకరే.

వరసల మధ్య పదేసి అంకెల ఎడం
ఎందుకు వదిలేవారో నాకెవరూ చెప్పలేదు.
340 తరవాత 350.
ఆ ఖాళీలో 341 అని కొట్టి
చూశాం, అని రాశాను.
340ని మా అక్షరాల్లో కుట్టాను గానీ చెరపలేదు.

ఇప్పుడిదంతా టేపు మీదికి ఎక్కాలి. నాలుగు నిమిషాలు.
కిందనుంచి ధనశేఖర్ కేక:
"అమ్మా, వేసేదా?"
మెట్ల దగ్గర రాగుల సంచీతో ఒకావిడ
ఈ కీచురొద ఏమిటని పైకి చూస్తోంది.
నాయుడు గారు కిటికీలోంచి చెయ్యి అడ్డం పెట్టారు,
సిగ్నల్ ఇవ్వని రైలుకి పెట్టినట్టు.

ఆగండమ్మా.
రెండు రూపాయల లెక్క ఒకటి తేలుతోంది.